సర్కారుకు నోటీసు: గడువు దాటిన రైతు సంగతి



ఈ పూట సుడిదోమ గురించి గాని, యూరియా మోతాదు గురించి గాని నేను చెప్పబోవడం లేదు. ప్రభుత్వం చేసిన పని వల్ల మీకు నష్టం కలిగి, కోర్టుకు వెళ్లవలసివస్తే ముందుగా ఇచ్చే నోటీసు ఒకటి ఉన్నది. ఆ నోటీసు గాని, ఆ తరువాతి దరఖాస్తు గాని ఆలస్యమైతే చట్టం ఎక్కడ మన్నిస్తుంది, ఎక్కడ మన్నించదు అనే సంగతి చెబుతాను. నేను వకీలును కాను. వ్యవసాయంలో డిప్లొమా చదివి పొలం గట్ల మీద తిరిగే ఉద్యోగిని. ఈ సంగతులు నేనెందుకు నేర్చుకోవలసివచ్చిందో ముందు చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, సముద్రం వైపు చివరి భూముల్లో ఒక రైతు ఉండేవాడు. వయసులో మా నాన్నగారి అంతవాడు. బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. ఆయనకు మురుగు కాలువ ఒడ్డున ఎకరం ముప్ఫై సెంట్ల చేను. ఒక ఏడు సార్వాలో, నాట్లు వేసి మూడు వారాలైనా కాకముందే, కాలువలో పూడిక తీసే యంత్రం వచ్చింది. తీసిన బురద గట్టు మీద పోయాలి. గట్టు మీద చోటు చాలక ఆయన చేలో పోశారు. సగం చేను రొంపి కింద పడిపోయింది. అది ఉప్పు తగిలిన మట్టి. ఆ ఏటి పంట సంగతి అలా ఉంచండి, తరువాతి కారు కూడా అక్కడ పైరు తిప్పుకోలేదు.

"బాబూ, ఏం చెయ్యమంటావు?" అని నన్నడిగాడు.

"కంగారు పడకండి బాబాయిగారూ. అర్జీ రాసి ఇవ్వండి, వచ్చి చూస్తారు" అన్నాను.

ఆ మాట తప్పు కాదు. ఆ మాటతో ఆగిపోవడం తప్పు. ఆయన అర్జీ ఇచ్చాడు, రసీదు తీసుకోలేదు. కొలతలకు మనిషి వచ్చాడు. ఎస్టిమేటు పైకి వెళ్లిందన్నారు. దాళ్వా అయిపోయింది. బిల్లు పాసు కావాలన్నారు. మళ్లీ సార్వా నాట్లు పడ్డాయి. ఆ అధికారి బదిలీ అయ్యాడు, కొత్తాయన చేరాలన్నారు. ఎవరూ ఇవ్వమని చెప్పలేదు. కసిరినవాళ్లు కూడా లేరు. అందుచేతనే ఆయన నమ్మాడు, నేనూ నమ్మాను. పధ్నాలుగో నెలలో ఎవరో చెబితే ఒక వకీలుగారి దగ్గరకు వెళ్లాము. వకీలుగారు నష్టమెంత అని అడగలేదు. ఏ శాఖవారు పోశారని అడగలేదు. "ఏ తేదీన పోశారు?" అన్నారు. చెప్పాము. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, "రెండు నెలలు ఆలస్యంగా వచ్చారండీ" అన్నారు.

బాబాయిగారు నా వైపు ఒకసారి చూసి, మళ్లీ వకీలుగారి వైపు తిరిగి, "అర్జీ పెట్టుకున్నాం గదండీ" అన్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తున్నది. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రోజు వకీలుగారు చెప్పినదీ, తరువాత నేను అడిగి తెలుసుకున్నదీ ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ప్రభుత్వం మీదగాని, ప్రభుత్వోద్యోగి తన ఉద్యోగ ధర్మంగా చేసిన పని మీదగాని సివిలు దావా వేయదలచుకుంటే, 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడులో 80వ సెక్షను ప్రకారం ముందు వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వమైతే ఆ నోటీసు ప్రభుత్వ కార్యదర్శికి గాని, జిల్లా కలెక్టరుకు గాని చేరాలి. రైల్వే అయితే జనరల్ మేనేజరుకు. అది చేరిన తరువాత రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు దేనికంటే, ప్రభుత్వం తన తప్పేమైనా ఉంటే సరిదిద్దుకుని, రైతును కోర్టు మెట్లు ఎక్కించకుండా పరిష్కరించడానికి. ఉద్దేశం మంచిదే.

నోటీసులో నాలుగు సంగతులుంటే చాలు. మీ పేరు, మీ వివరం, మీ నివాసం, ఏమి జరిగింది, ఏమి కోరుతున్నారు. (నాలుగన్నాను గాని లెక్కకు అయిదయ్యాయి, పోనివ్వండి.) తరువాత దావా వేసేటప్పుడు నోటీసు ఇచ్చామని దావా పత్రంలో చెప్పాలి.

ఇక్కడ చాలామంది పొరపడే మాట ఒకటి ఉన్నది. రెండు నెలల నోటీసు అన్నారు గదా, నష్టం జరిగిన రెండు నెలల్లోగా నోటీసు ఇవ్వాలి కాబోలు అనుకుంటారు. అది కాదు. 80వ సెక్షనులో నోటీసు ఇవ్వడానికి గడువంటూ లేదు. గడువు ఉన్నది దావాకు. దాన్ని వేరే చట్టం చెబుతుంది, 1963 నాటి లిమిటేషను చట్టం, అంటే కాలపరిమితి చట్టం. చాలా దావాలకు మూడేళ్లు. కాని ఏదైనా చట్టం ప్రకారం చేశామని చెప్పే పని వల్ల, లేక అలా చేయవలసిన పని చేయకపోవడం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరితే ఒక్క సంవత్సరమే. ఆ చట్టపు జాబితాలో 72వ అంశం. కాలువ పనులూ, మురుగు పనులూ తరచు ఈ కోవలోకి వస్తాయని ప్రభుత్వ వకీళ్లు వాదిస్తారు. మా బాబాయిగారి చేను సంగతి అక్కడే చిక్కుకున్నది. మూడేళ్లున్నాయి గదా అని ఎవరూ ధీమాగా ఉండవద్దు. సంవత్సరమే ఉన్నదనుకుని పని మొదలుపెడితే నష్టం లేదు.

మరి నోటీసు కోసం ఆగే రెండు నెలలు మన గడువులో పోతాయా అంటే, పోవు. అదే చట్టంలో 15వ సెక్షను ఆ నోటీసు కాలాన్ని లెక్కలోంచి తీసివేస్తుంది. ఉదాహరణకు, ఆగస్టు 10న నష్టం జరిగింది, గడువు ఒక సంవత్సరం అనుకోండి. మరుసటి ఏడు జూలైలో నోటీసు ఇచ్చినా సరే, ఆగస్టు 10 దాటి ఇంకో రెండు నెలల మేరకు దావాకు వ్యవధి ఉంటుంది. ఆగస్టు 11న ఇస్తే మాత్రం ఆ నోటీసు వల్ల చచ్చిన గడువు బ్రతకదు. ముదిరిన నారుకు ఎరువు వేసినట్లే. మేము వకీలుగారి దగ్గరకు రెండు నెలలు ముందు వెళ్లి ఉంటే, ఆయన అదే సాయంత్రం నోటీసు పంపేవారు.

"తెలియక ఆలస్యమైందండీ, కోర్టువారు దయతలచరా?" అని బాబాయిగారు అడిగాడు. మీరూ అడుగుతారు. జవాబు జాగ్రత్తగా వినండి. కాలపరిమితి చట్టంలో 5వ సెక్షను ఉన్నది. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చునని చెబుతుంది. కాని అది అప్పీళ్లకూ, దరఖాస్తులకూ మాత్రమే. మొదటి దావాకు వర్తించదు. దావా ఒక్క రోజు ఆలస్యమైనా, కారణం ఎంత జాలి గొలిపేదైనా, ఆ సెక్షను క్రింద మన్నించే అధికారం జడ్జిగారికే లేదు.

దావాకు ఉన్న సందులు వేరు, అవి కొద్ది. హక్కుదారు మైనరైతే మేజరయ్యే దాకా గడువు మొదలు కాదు. మోసం చేసి సంగతి దాచి ఉంచితే, అది బయటపడిన నాటినుంచి లెక్క. మంచి మనసుతో, శ్రద్ధగా, అధికారం లేని కోర్టులో వ్యాజ్యం నడిపి ఉంటే ఆ కాలం తీసివేస్తారు. చివరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు చెల్లుతుంది. ఇంకొకటి, రైతులు బాగా గుర్తుంచుకోవలసినది: గడువు తీరకముందు అవతలివారు తమ బాధ్యతను ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఇస్తే, ఆ సంతకం నాటినుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. నోటి మాటకు ఆ బలం లేదు. ఎస్టిమేటు పైకి వెళ్లిందన్న మాట మా బాబాయిగారు ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఒక్కసారి దాన్ని కాగితం మీద అడిగి ఉంటే, ఆ కాగితంతో వకీలుగారికి వాదించడానికైనా ఏదో ఒకటి ఉండేది.

నోటీసులో తప్పు దొర్లితే ఏమవుతుందని కొందరి భయం. పూర్వం ఈ భయం న్యాయమైనదే. 1927లో ప్రివీ కౌన్సిలువారు 80వ సెక్షనును అక్షరాలా పాటించవలసిందే, మినహాయింపులు లేవన్నారు. దాంతో ఎన్నో దావాలు పసలేని తప్పులకే పోయాయి. 1947లో మద్రాసు ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఒక కేసులో, ఈ నోటీసు ప్రభుత్వపు రక్షణ కోసమే గనుక ప్రభుత్వం కావాలంటే దాన్ని వదులుకోవచ్చునని అదే కౌన్సిలు చెప్పింది. లా కమిషనువారు 1958లోనే ఈ సెక్షనును ఎత్తివేయమన్నారు. ఎత్తివేయలేదు గాని 1976లో సవరించారు. ఆ సవరణ 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. దాని ప్రకారం, మిమ్మల్ని గుర్తుపట్టే వివరాలుండి, నోటీసు సరైన కార్యాలయానికి చేరి, జరిగినదీ కోరినదీ స్థూలంగా తెలుస్తూ ఉంటే, చిన్న లోపాల కారణంగా దావా కొట్టివేయకూడదు.

అదే సవరణ ఇంకో ద్వారం తెరిచింది. రేపు ఉదయం యంత్రం మీ చేలోకి దిగబోతున్నది, రెండు నెలలు ఆగితే ఆపడానికి ఏమీ మిగలదు అనుకోండి. అప్పుడు కోర్టువారి అనుమతి తీసుకుని నోటీసు లేకుండానే దావా వేయవచ్చు. ప్రభుత్వానికి చెప్పుకునే అవకాశం ఇచ్చాకనే ఉత్తర్వు ఇస్తారు. అంత తొందర లేదని కోర్టుకు తోస్తే, నోటీసు ఇచ్చి రమ్మని దావా పత్రం తిప్పి పంపుతారు. ఆ అనుమతి అడగకుండా, రెండు నెలలు పూర్తి కాకుండా వేసిన దావా నిలవదని 1984లో బీహారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు తొందరపడినా చిక్కే, వెనక జాప్యం చేసినా చిక్కే.

ప్రభుత్వోద్యోగివై ఉండి ప్రభుత్వం మీద దావా ఎలా వేయాలో చెబుతావేమయ్యా అని ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. నోటీసు అడిగినది ప్రభుత్వమే గదండీ అన్నాను. సరైన నోటీసు సరైన వేళకు వస్తే ఖర్చు లేకుండా తేల్చుకునే అవకాశం శాఖకే ఉంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, వచ్చిన నోటీసులకు జవాబే ఇవ్వడం లేదని 2005లో సుప్రీంకోర్టువారే బాధపడి, జవాబు చెప్పే బాధ్యత గల అధికారిని నియమించమని ప్రభుత్వాలను ఆదేశించారు. జవాబు రాకపోయినా సరే, రెండు నెలలు దాటితే మీ దారి మీకు తెరిచే ఉంటుంది.

ఇక భూసేకరణ. మన ప్రాంతంలో బైపాసులకనీ, కాలువలకనీ, రైలు మార్గాలకనీ భూములిచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి గనుక దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను.

1894 నాటి పాత చట్టంలో, కలెక్టరు ఇచ్చిన పరిహారం తక్కువని కోర్టుకు నివేదించమని కోరే దరఖాస్తుకు ఆరు వారాలు లేక ఆరు నెలలు గడువు. అవార్డు ప్రకటించేటప్పుడు మీరు హాజరై ఉంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు నాటినుంచి ఆరు నెలలు, ఏది ముందు తీరితే అది. ఆఫీసులో ఫైలు మీద సంతకమైన తేదీ రైతుకెలా తెలుస్తుంది? అవార్డు తేదీ అంటే రైతుకు తెలిసిన, లేక తెలియవలసిన తేదీ అని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఎందరినో కాపాడింది. కాని గడువు దాటిన దరఖాస్తును మన్నించే అధికారం కలెక్టరుకు లేదని 1996లో అదే కోర్టు చెప్పింది. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన 2013 చట్టం ఇక్కడ రైతుకు మేలు చేసింది. గడువులు అవే. తగిన కారణం చూపితే మాత్రం ఇంకో సంవత్సరం లోపల కలెక్టరు దరఖాస్తు తీసుకోవచ్చు. 64వ సెక్షను. ఆ సంవత్సరమూ దాటితే ఆ సెక్షనులో ఇంకేమీ లేదు.

డబ్బు పుచ్చుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని వ్రాసి సంతకం చేయండి. ఆ మాట లేకుండా తీసుకున్నవారికి ఎక్కువ కోరే దరఖాస్తు పెట్టుకునే అర్హత పోతుంది. పక్క సర్వే నంబరు రైతు దరఖాస్తు పెట్టుకుని ఎక్కువ తెచ్చుకున్నాడు, మీరు అసలు పెట్టుకోలేదు అనుకోండి. అదే నోటిఫికేషను క్రింది భూమి అయితే, ఆయనకు వచ్చిన అవార్డు తేదీనుంచి మూడు నెలల్లోగా మీకూ అలాగే లెక్కకట్టమని కలెక్టరును కోరవచ్చు. పక్కవాడి కేసు ఏ రోజున తేలిందో కనుక్కుంటూ ఉండవలసింది మీరే.

జాతీయ రహదారికి పోయిన భూమి దారి వేరు. అక్కడ పరిహారం మీద తగాదా మధ్యవర్తి దగ్గర తేలుతుంది. మధ్యవర్తి తీర్పు మీద కోర్టుకు వెళ్లడానికి మూడు నెలలు, కారణం చూపితే ఇంకో ముప్ఫై రోజులు. ఆ పైన ఒక్క రోజు కూడా లేదని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు మన ఆంధ్రదేశపు కేసు ఒకటి. తెలుగు గంగ ప్రాజెక్టు కోసం 1989లో కొందరు రైతుల భూములు తీసుకున్నారు. పరిహారం చాలదని వారు కోర్టుకు నివేదన కోరారు. 1998లో అది కొట్టివేయబడింది. దాని మీద అప్పీలు వెళ్లాలి. ఒక రైతు అప్పటికే కాలం చేశాడు. వ్యవహారమంతా ఆయనే చూసుకునేవాడట. పిల్లలకు కేసు ఉన్న సంగతే తెలియదట. తెలిసి అప్పీలు తెచ్చేసరికి ఆలస్యం 5,659 రోజులు. పదిహేనేళ్లు దాటింది. హైకోర్టు మన్నించలేదు. 2024 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు కూడా మన్నించలేదు. న్యాయం కోసం ఉదారంగా చూడవలసిందే గాని, ఉదారత పేరుతో కాలపరిమితి చట్టాన్నే లేకుండా చేయలేమన్నారు. అదే రకం కేసులో మరొకరికి ఎక్కువ వచ్చిందన్నది కూడా కారణం కాదన్నారు.

ఆ తీర్పు సారాంశం ఒక వకీలుగారు నాకు చదివి వినిపిస్తుంటే, నాకు వాదనల కన్న ఆ ఇంటి సంగతి ఎక్కువగా తోచింది. మన ఇళ్లలో కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి? పెట్టెలో, పెద్దాయన తలగడ దగ్గర. కోర్టు నంబరు ఆయనకే తెలుసు. వకీలు పేరు ఆయనకే తెలుసు. అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్లకు వాటా ఉందని చట్టం చెబుతుంది గాని, కేసు ఉందని ఎవరూ చెప్పరు. ఈ మాట వింటున్న పెద్దలు ఈ రాత్రి భోజనాలప్పుడు ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ, పెళ్లిళ్లయి వెళ్లిన ఆడపిల్లలకు కూడా ఫోను చేసి చెప్పాలని నా మనవి.

కోర్టులు ఎప్పుడూ ఇంత కఠినంగానే ఉంటాయనీ కాదు. 1987లో కాశ్మీరు భూసేకరణ కేసు ఒకటి ఉన్నది. అందులో ఆలస్యం చేసినది ప్రభుత్వమే, నాలుగు రోజులు. ప్రతి దినపు జాప్యానికీ కారణం చెప్పాలన్న నియమాన్ని మొండిగా పట్టుకోరాదు, ఆలస్యం చేసి ఎవరూ లాభపడరు, కేసును దాని న్యాయాన్ని బట్టి తేల్చడమే మేలు అని సుప్రీంకోర్టు మన్నించింది. ఆ తీర్పును చూపి ఎందరో రైతులు కూడా మేలు పొందారు. 2012లో తపాలా శాఖవారు 427 రోజుల ఆలస్యంతో వచ్చారు. ఫైలు బల్ల నుంచి బల్లకు తిరిగిందన్నారు. ప్రభుత్వమైనంత మాత్రాన అది కారణం కాదని కోర్టు తిప్పి పంపింది. ఉత్తరాలు వేళకు అందించవలసిన శాఖకే అలా జరిగింది చూడండి! 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా, కరోనా కాలమంతా గడువుల లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసివేసింది. అప్పటి వ్యవహారమున్నవారు ఆ లెక్క తప్పక చూసుకోవాలి.

అసలు ఏ సేకరణా చేయకుండా, కాగితం లేకుండా భూమి తీసుకుంటే? హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డుకోసం ఒక స్త్రీ భూమిని అలాగే తీసుకున్నారు. చదువు రాని ఆమె 2010లో హైకోర్టుకు వెళ్లింది. ఎనభై ఏళ్ల ఆ వృద్ధురాలికి ఆలస్యం అడ్డురాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. హైకోర్టు రిట్టుకు 80వ సెక్షను నోటీసూ అక్కరలేదు, లెక్కగట్టిన గడువూ లేదు. అయినా ఆలస్యం ఎందుకైందని అడుగుతారు. ఆమెకు వచ్చింది గదా అని నలభై ఏళ్లు ఆగవద్దు.

మామిడి, కూరగాయలు రైలుకు వేసేవారికి ఒక ముక్క. సరుకు చెడినా, పోయినా, వేసిన తేదీనుంచి ఆరు నెలల్లోగా రైల్వేకు నోటీసు చేరాలి. 1989 రైల్వే చట్టం, 106వ సెక్షను. ఇక్కడ చట్టం కొంచెం దయ చూపింది. సరుకు అందలేదని, లేక ఆలస్యంగా అందిందని ఆ ఆరు నెలల్లో మీరు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఏ సరుకో గుర్తుపట్టే వివరాలిస్తే, దాన్నే నోటీసుగా భావిస్తారు. స్టేషనులో కేకలు వేసి వస్తే చెల్లదు, కాగితం ఇస్తే చెల్లుతుంది.

మన పిల్లలు చాలామంది ఉన్న అమెరికాలో కూడా ఈ బాధ తప్పలేదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ వల్ల చేలో ఉన్న పంటకు నష్టం జరిగితే ఆరు నెలల్లో క్లెయిము పెట్టాలి. ఆ చట్టంలో నిలిచి ఉన్న పంట పేరు విడిగా వ్రాసి ఉన్నది. దాటితే, సంవత్సరం లోపల, పొరపాటు వల్లనో, మన్నించదగిన ఏమరుపాటు వల్లనో ఆలస్యమైందని చెప్పి అనుమతి కోరవచ్చు. గడువు మనకంటే పొట్టిది, మన్నింపు దారి మనకంటే తిన్ననిది. మన 80వ సెక్షనుకూ అటువంటి దారి ఒకటి ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది. ఇది నా సొంత అభిప్రాయం సుమా.

మన్నింపు దొరికే చోట కారణం ఎలా చెప్పాలి? ఆరోగ్యం బాగాలేదు, ఊళ్లో లేను అని వ్రాస్తే చాలదు. గడువు ఏ రోజున తీరింది, ఆ రోజుకు మీరెక్కడున్నారు, ఆటంకం ఏ రోజున తొలగింది, తొలగిన తరువాత ఎన్నాళ్లకు కదిలారు, ఇవి తేదీలతో చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. మరునాడు ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నడిచింది. ఆ వారంలో గడువు తీరినవారు వరద వచ్చిందని వ్రాసి ఊరుకోకుండా, నష్టం జాబితాలో తమ పేరు, ఇల్లు మునిగిన ఫొటో, నీరు తీసిన రోజు, వకీలును కలిసిన రోజు జతపరచాలి. ఆస్పత్రి అయితే చేరిన, విడిచిన చీటీలు. అబద్ధపు కారణం ఒక్కటి బయటపడినా నిజమైన కారణాలు కూడా పోతాయి.

తోటి విస్తరణ ఉద్యోగులకు: నష్టం చూడటానికి వెళ్లిన తేదీ, సర్వే నంబరు, పైరు దశ, విస్తీర్ణం మీ డైరీలో ఆ రోజే వ్రాయండి. ఈ-పంట నమోదు ఉందో లేదో చూసి, లేకపోతే చేయించండి. రైతుకు ఆ నకలు ఇప్పించండి. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ 80వ సెక్షను నోటీసు అవుతుందని చెప్పకండి. అది నోటీసు కాదని అవతలివారు వాదిస్తారు. అర్జీ అర్జీయే, నోటీసు నోటీసే, రెండూ ఇవ్వమనండి. నేను చెప్పని మాట అదే.

నోటీసు వకీలుచేత వ్రాయించడం మేలు. వీలుకాకపోతే, ఈ మాదిరి చూడండి:

"జిల్లా కలెక్టరుగారికి, సివిల్ ప్రొసీజరు కోడు 80వ సెక్షను క్రింద ఫలానా మండలం, ఫలానా గ్రామం కాపురస్తుడు, ఫలానావారి కుమారుడు, వ్యవసాయదారుడు ఫలానా వ్రాసి ఇచ్చు నోటీసు. పై గ్రామంలో సర్వే నంబరు ఫలానాలో నాకు ఎకరం ముప్ఫై సెంట్ల మాగాణి కలదు. ఫలానా తేదీన ఫలానా శాఖవారి యంత్రం మురుగు కాలువ పూడిక తీసి నా ఊడ్చిన చేలో అరవై అయిదు సెంట్ల మేర పోసినది. పైరు నశించినది. పైరు నష్టం ఇంత, మట్టి తీయించు ఖర్చు ఇంత, వెరసి ఇంత సొమ్ము నాకు చెల్లించవలెను. ఈ నోటీసు అందిన రెండు నెలలలో చెల్లించనియెడల కోర్టులో దావా వేయగలవాడను."

కింద తేదీ, సంతకం. రిజిస్ట్రేషనుతో స్పీడు పోస్టులో పంపి, అందినట్లు వచ్చే రుజువు దాచండి. చేతితో ఇస్తే రెండో ప్రతి మీద ఇన్‌వార్డు నంబరు, ముద్ర, తేదీ వేయించుకోండి. తప్పు చేసిన అధికారి మీద కూడా దావా వేసేట్లయితే ఆయన కార్యాలయానికి ఇంకో నోటీసు వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి గనుక, మీ పొలం ఏ కలెక్టరు క్రిందికి వస్తుందో చూసుకుని వ్రాయండి. పురపాలక సంఘం, విద్యుత్ సంస్థ, సహకార సంఘం, ఇవన్నీ ప్రభుత్వమనుకుని ఇదే నోటీసు పంపవద్దు. వాటి నోటీసు నిబంధనలు వాటి చట్టాల్లోనే చూడాలి, వకీలును అడగాలి.

వకీలుకు సొమ్ము లేదన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, ఆదాయం తక్కువైనవారికి ఉచితంగా వకీలునిస్తారు. వరద, కరువు బాధితులకు కూడా ఇస్తారని 1987 చట్టంలోనే ఉన్నది. ఇది మన రైతుల్లో పదిమందిలో ఒకరికైనా తెలుసునో లేదో. కృష్ణా జిల్లా సంస్థ మచిలీపట్నం కోర్టు ఆవరణలో ఉన్నది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

మా బాబాయిగారు ఆ అరవై అయిదు సెంట్ల మట్టిని రెండు వేసవుల్లో తన ఖర్చుతోనే తీయించుకున్నాడు. తరువాత చౌడుకు జనుము, జీలుగ వేయమని నేను చెప్పాను, వేశాడు. ఇప్పుడక్కడ పంట పండుతున్నది. కిందటి ఏడు ఆ కాలువకు మళ్లీ యంత్రం వచ్చినప్పుడు, గట్టు మీద నిలబడి ఆయన నాకు ఫోను చేశాడు. "బాబూ, ఈ రోజు తేదీ ఎంత? రాసుకో" అన్నాడు.

సెలవు.